32వ పేరు కాదు, మొదటి పేరు కావాల్సింది

2018 ఏప్రిల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండ్ ముగిసే దాకా లామార్ జాక్సన్ తన పేరు కోసం కాచుకుని కూర్చున్నాడు. అప్పటికి 31 మందిని పిలిచేశారు. వాళ్లలో నలుగురు లామార్‌లాగే క్వార్టర్‌బ్యాక్‌లు, అంటే పాసులు విసురుతూ జట్టు ఆటను నడిపించేవాళ్లు: బేకర్ మేఫీల్డ్, శామ్ డార్నాల్డ్, జోష్ అలెన్, జోష్ రోజెన్. చివరికి అతన్ని తీసుకున్న బాల్టిమోర్ రేవెన్స్ కూడా 25వ పిక్ (ఎంచుకునే వంతు) చేతిలో ఉన్నప్పుడు ఒక టైట్ ఎండ్‌ని (అడ్డుకునే పనీ, పాసులు పట్టే పనీ చేసే ఆటగాణ్ణి) ఎంచుకుంది. ఆ తర్వాతే ఫిలడెల్ఫియాతో బేరం కుదుర్చుకుని 32వ పిక్‌ దక్కించుకుంది. అంటే, అతన్ని నమ్మిన జట్టు కూడా ముందు ఒకసారి పక్కన పెట్టిందన్నమాట.

ఇంత గొప్పవాడవుతాడని అప్పుడెవరు ఊహించగలిగారు అని ఇప్పటికీ అంటుంటారు. నేను ఒప్పుకోను. ఊహించాల్సిన పనే లేదు, అంతా కళ్లముందే ఉంది. 2016లో లూయిస్‌విల్ యూనివర్సిటీకి ఆడుతూ 3,543 యార్డులు విసిరాడు, 1,571 యార్డులు పరుగెత్తాడు. 30 టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించి చేసే స్కోర్లు) చేత్తో విసిరి, 21 కాళ్లతో పరుగెత్తి. పందొమ్మిదేళ్లకే కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ. మరుసటి ఏడాది ప్రతి డిఫెన్స్ అతని కోసమే ప్లాన్ వేసుకుని వచ్చింది. అయినా 3,660 విసిరాడు, 1,601 పరుగెత్తాడు. ఒక్క ఏడాది మెరుపు అనుకోవడానికి ఎక్కడ వీలుంది?

బంతి గురిగా వేయలేడన్నారు. సరే, గురి లెక్కే చూద్దాం. 2017లో లామార్ పాసుల్లో 59 శాతం అందాయి. అదే ఏడాది వయోమింగ్‌లో జోష్ అలెన్‌వి 56 శాతం. అలెన్ ఏడో పిక్‌లో వెళ్లాడు. నువ్వు రిసీవర్‌గా (పాసులు పట్టేవాడిగా) మారిపో అని అతనికి ఎవరూ చెప్పలేదు. లామార్‌కి చెప్పారు. చెప్పింది ఎవరో దారిన పోయే మనిషి కూడా కాదు, 1998లో దిగ్గజ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్‌ని తన జట్టుకు ఎంచుకున్న మేనేజర్ బిల్ పోలియన్. ఏడాదిన్నర తర్వాత తాను పొరబడ్డానని ఆయనే ఒప్పుకున్నారు, అందుకు గౌరవిస్తాను. అలెన్‌ని తీసుకోవడం తప్పని నేను అనడం లేదు, అతనూ తర్వాత ఎంవీపీ (సీజన్ మేటి ఆటగాడు) అయ్యాడు. నేనడిగేది ఒక్కటే. అలెన్ లోపాన్ని కోచింగ్‌తో సరిదిద్దుకోవచ్చు అనుకున్నవాళ్లు, అంతకంటే చిన్న లోపం ఉన్న లామార్‌ని ఏకంగా పొజిషనే మార్చుకోమని ఎలా అన్నారు?

2019 సీజన్ మొదటి మ్యాచ్ గుర్తుంది కదా. మయామి మీద 59-10. లామార్ ఐదు టచ్‌డౌన్ పాసులు వేశాడు, పరుగెత్తింది మొత్తం ఆరు యార్డులే. మ్యాచ్ అయ్యాక, రన్నింగ్ బ్యాక్‌కి (బంతి పట్టుకుని పరుగెత్తడమే పని అయినవాడికి) ఇది పర్లేదు అని తనను శంకించినవాళ్లకు చురక వేశాడు. ఆ సీజన్‌లో 36 టచ్‌డౌన్ పాసులు, ఆరే ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థులు పట్టేసిన పాసులు), 1,206 యార్డుల పరుగు. ఎంవీపీకి 50 ఓట్లుంటే 50 అతనికే.

అసలు విషయం 1,206 అన్న అంకెలో కూడా లేదు. మామూలు రన్ ప్లేలో (పరుగుతో ముందుకెళ్లే ఎత్తుగడలో) క్వార్టర్‌బ్యాక్ రన్నింగ్ బ్యాక్‌కి బంతి అందించేసి పక్కకు తప్పుకుంటాడు. ఇక అటువైపు పదకొండు మంది, ఇటువైపు పని చేసేది పది మంది. లామార్ ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది. డిఫెన్స్ చివర్లో ఉన్న ఆటగాణ్ణి ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు. లామార్ అతన్నే చూస్తుంటాడు. అతను రన్నింగ్ బ్యాక్ వెంట పడితే బంతి తనే ఉంచుకుని పరుగెడతాడు, తన కోసం ఆగిపోతే బంతి ఇచ్చేస్తాడు. ఎటు కదిలినా తప్పే. ఒక్క దెబ్బ తగలకుండానే ఒక డిఫెండర్ ఆటలో లేకుండా పోయాడు, అతన్ని ఆపాల్సిన బ్లాకర్ ఖాళీగా ఇంకొకరి మీదికి వెళ్లాడు! అందుకే ఆ ఏడాది జట్టు రన్నింగ్ బ్యాక్ మార్క్ ఇంగ్రామ్ కూడా వెయ్యి యార్డులు దాటాడు, జట్టు మొత్తం 3,296 యార్డులు పరుగెత్తి 1978 నాటి లీగ్ రికార్డును చెరిపేసింది. అతని కాళ్లు మిగతా పదిమందికీ పని సులువు చేశాయి. ఆటగాళ్లను అంచనా వేసే స్కౌట్ల కాగితాల్లో దీన్ని రాసుకోవడానికి గడి లేదు.

కాళ్లతో ఆడేవాడు ఎక్కువకాలం నిలవడని, ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌ల్లో) తేలిపోతాడని అంటారు. ప్లేఆఫ్స్ మాట నిజమే, 2024 సీజన్ దాకా మూడు గెలుపులు, ఐదు ఓటములు. నాకూ బాధగానే ఉంటుంది. గాయాలూ అయ్యాయి. కానీ 2022లో మోకాలు దెబ్బతిన్నది పరుగెత్తుతూ కాదు, పాసు వేయడానికి పాకెట్‌లో (తన బ్లాకర్ల వెనక) నిలబడి ఉండగా ప్రత్యర్థి పట్టి పడేసినప్పుడు. 2023లో రెండో ఎంవీపీ. 2024లో 4,172 యార్డులు, 41 టచ్‌డౌన్ పాసులు, నాలుగే ఇంటర్‌సెప్షన్లు. అతనికంటే ముందు వెళ్లిన నలుగురిలో ముగ్గురు తమను ఎంచుకున్న జట్లలో నిలవలేదు. మేఫీల్డ్, డార్నాల్డ్ కుదురుకున్నది వేరే ఊళ్లలో.

కాళ్లు కదలవని సెహ్వాగ్‌ని తీసి పక్కన పెట్టి ఉంటే ముల్తాన్ 309, చెన్నై 319 మనం చూసేవాళ్లమా? మనిషి ఏం చేయగలడో చూడకుండా, మన మనసులో ఉన్న బొమ్మతో ఎంత పోలుతున్నాడో చూసే అలవాటు అన్ని ఆటల్లోనూ ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ బొమ్మకి రంగు కూడా ఉండేది. దీన్ని చెప్పకుండా లామార్ కథ చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ వారెన్ మూన్‌ని 1978లో ఒక్క జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. కెనడా వెళ్లి ఎడ్మంటన్‌కి ఐదు గ్రే కప్‌లు (అక్కడి లీగ్ టైటిళ్లు) గెలిచిపెట్టాకే హ్యూస్టన్ పిలిచింది. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) గెలవడం 1988 జనవరిలో డగ్ విలియమ్స్‌తో గానీ జరగలేదు.

వీళ్లకంటే ముందు మార్లిన్ బ్రిస్కో అనే నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. 1968లో డెన్వర్‌లో, తొలి ఏడాదే 14 టచ్‌డౌన్ పాసులు వేశాడు. మరుసటి ఏడాది అక్కడ అతనికి చోటు లేదు. బఫలో వెళ్లి, అప్పటిదాకా ఆడని రిసీవర్ పని నేర్చుకుని 1970లో 1,036 యార్డులు సాధించి ప్రో బౌల్‌కి (లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి) ఎంపికయ్యాడు. అంత ఆట ఉన్నవాడిని మళ్లీ ఎన్నడూ ఏ జట్టూ తన క్వార్టర్‌బ్యాక్‌గా నిలబెట్టలేదు. బ్రిస్కో డెన్వర్ సీజన్‌కి సరిగ్గా 50 ఏళ్ల తర్వాత, 2018 కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లను పరీక్షించే శిబిరంలో), రిసీవర్‌గా డ్రిల్స్ చేయను, నేను క్వార్టర్‌బ్యాక్‌ని అని లామార్ తేల్చి చెప్పాడు.