కుంచెకూ కత్తికీ ఒకటే నియమం

2019లో జపాన్ గేమ్ సంస్థ ఎస్‌ఎన్‌కే తెచ్చిన కత్తియుద్ధాల వీడియో గేమ్ ‘సమురాయ్ షోడౌన్’లో సిరా గీతలు, పాత జపాన్ బొమ్మల వాసన కేవలం పైపూత అని ఈ ఆటపై వచ్చిన వ్యాసంలో వ్యాసకర్త తేల్చేశారు. నేను ఒప్పుకోలేను. సుమి-ఎ, అంటే నల్ల సిరాతో గీసే జపాన్ చిత్రంలో కుంచె ఒకసారి కాగితాన్ని తాకాక దిద్దుబాటుకు చోటుండదు. ఈ ఆటలోని ద్వంద్వయుద్ధమూ అంతే. బరువైన వేటు గురి తప్పిందా, కత్తి వెనక్కి తీసుకునేలోపే ఎదుటివాడి దెబ్బ పడుతుంది, ప్రాణంలో పెద్ద భాగం ఎగిరిపోతుంది. అందుకే ఆటగాళ్లు గుండె చిక్కబట్టుకుని దూరం కొలుచుకుంటూ నిలబడతారు. వరసపెట్టి మీటలు నొక్కేవారికి ఇక్కడ గెలుపు దక్కదు.

ఆటలోని యోధుల్లో ఒకడైన క్యోషిరోను కాస్త దగ్గరగా చూడండి. తెల్లటి ముఖం మీద ఆ ఎర్ర గీతలు జపాన్ సంప్రదాయ నాటకం కబుకీలో నటులు వేసుకునే ముఖ అలంకరణ, కుమాదోరి. ఎరుపు వీరత్వానికి గుర్తు. కథ నడిచేది 1780లలో. చిత్రకారుడు షారకు కబుకీ నటుల ముఖాలను చెక్క అచ్చులతో ముద్రించిన 1794 అక్కడికి ఎంతో దూరం లేదు. ఈ పాత్రను అల్లినవారికి ఆ కాలం మీద ఎంత ప్రేమో!

ఆ వ్యాసం వచ్చే భాగంలో 1993 నాటి తొలి ‘సమురాయ్ షోడౌన్’ గురించీ రాయండి. ఆయుధం జారిపోయాక ఉత్త చేతులతో కత్తిని ఒడిసిపట్టే విద్య అప్పటికే అందులో ఉంది, దాన్ని వదిలేస్తే అన్యాయం.