ప్రళయానికి పర్లాకిమిడి సిద్ధం

లోకం కూలిపోతుందనీ, కరెంటు, బ్యాంకులు, ప్రభుత్వాలు అన్నీ ఒకేసారి చేతులెత్తేస్తాయనీ, బతికి బట్టకట్టాలంటే ఇప్పట్నుంచే ఒక సంచీ సర్దుకోవాలనీ చెప్పే వీడియోలు ఈ మధ్య ఒడిశాలోని మన పర్లాకిమిడి కుర్రాళ్లు తెగ చూస్తున్నారు. చాలా మంచి విషయం. ముందుచూపు ఉండాలి. నిజానికి ఈ పనిలో అమెరికా వాళ్లకంటే మనమే సీనియర్లం. వాళ్లు భూమిలో బంకర్లు తవ్వుకుని ఎదురుచూస్తున్నారు గానీ, మనం 2013లో ఫైలిన్ తుపానుతో ఒకసారి, 2018లో తిత్లీతో ఇంకోసారి రిహార్సల్ వేసేశాం. స్తంభాలు పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి, మోటార్లు తిరక్క ట్యాంకులు ఎండాయి, మహేంద్రతనయ నది ఒక్కటే నిండింది. ఇక కొఠియా పల్లెల వాళ్లకైతే అసలు భయమే అక్కర్లేదు, ఆంధ్రా మాదంటే ఒడిశా మాదంటుంది కాబట్టి ఒక ప్రభుత్వం కూలినా అక్కడ ఇంకోటి స్పేర్‌లో ఉంటుంది.

మా వీధి తమ్ముడొకడు ఇప్పటికే సంచీ సర్దేశాడు. చూపించమంటే గర్వంగా జిప్పు తీశాడు. తలకి తగిలించుకునే టార్చి, రకరకాలుగా మడతపడే చాకు, గ్యాస్ మాస్కు, అడుగున రబ్బరు బ్యాండు వేసిన అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పులు. ఇన్ని మాత్రలు డాక్టరు చీటీ లేకుండా ఎలా ఇచ్చారురా అంటే, "చీటీ ఎవడు అడుగుతాడన్నా" అన్నాడు. అంటే ఆ ఒక్క శాఖలో ప్రళయం మనకి ఎప్పుడో వచ్చేసిందన్నమాట. సరే, నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఏం చేస్తావ్ అన్నాను.

"సెలైను ఎక్కించుకుంటాను."

ఎవరు ఎక్కిస్తారు? లోకం కూలిపోయింది కదా?

"మన వీధి చివర డాక్టరుగారు ఉన్నారు కదన్నా. ఆయనకి డిగ్రీ లేదు, లైసెన్సు లేదు, గవర్నమెంటు కూలితే ఆయనకేం పోయింది?"

ఈ తర్కం ముందు నేను చేతులు జోడించాను.

అయితే చిన్న చిక్కుంది. లోకం కూలాక మనల్ని చంపేది గ్యాస్ మాస్కుకి భయపడే జబ్బు కాదు. తాగే నీళ్లలో మలం కలిస్తే వచ్చే జబ్బులు: కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాలు. కలరా గట్టిగా పట్టుకుంటే పొద్దున్న బాగున్న మనిషి రాత్రికి ఉండకపోవచ్చు. దీనికి లోకం కూలాల్సిన పని కూడా లేదు. 2007లో మన పక్కనే రాయగడ, కొరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా వచ్చి జనం పోయారు, 2022లో కాశీపూర్ బ్లాకులో మళ్లీ వచ్చింది. ఆ రెండుసార్లూ ఢిల్లీలో ప్రభుత్వం ఉంది, భువనేశ్వర్‌లో ఉంది, బ్యాంకులు లోన్లిస్తూనే ఉన్నాయి.

నిజంగా లోకం కూలిన చోట ఏం జరిగిందో చూద్దాం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం, బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్, శరణార్థుల శిబిరాల్లో కలరా. ఎక్కించడానికి సెలైను చాల్లేదు. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, కాస్త సోడా ఉప్పు నీళ్లలో కలిపించి డ్రముల్లో పెట్టి, రోగుల పక్కనున్న అమ్మలకీ అక్కలకీ గ్లాసులిచ్చి తాగించమన్నాడు. నూటికి ముప్ఫై మంది దాకా చచ్చిపోతున్న చోట చావులు నాలుగు శాతం లోపుకి దిగాయి. ఆయన 2022లో పోయారు, పద్మవిభూషణ్ 2023లో వచ్చింది. మనం దేన్నీ తొందరపడి మెచ్చుకోం.

ఫార్ములా సంచీలో పట్టేదే. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, తలకొట్టి ఆరు టీస్పూన్ల పంచదార, తలకొట్టి అర టీస్పూను ఉప్పు. అంతకంటే తగ్గకూడదు, ప్రేమ కొద్దీ పెంచకూడదు. పంచదార పెరిగితే విరేచనాలు ఎక్కువవుతాయి, ఉప్పు పెరిగితే చంటిపిల్లలకి ప్రాణం మీదికొస్తుంది. పేగుల్లో గ్లూకోజు ఉంటేనే ఉప్పు చక్కగా లోపలికి పోతుంది, ఉప్పు వెనకాల నీళ్లు పోతాయి, ఉన్న మాయంతా ఇంతే. అందుకే మన ముసలమ్మలు ఉప్పేసిన గంజి తాగించేవారు.

కానీ ఈ వైద్యానికి పరువు లేదు, అదీ అసలు సమస్య. సెలైను సంగతి వేరు. పైన బాటిల్ వేలాడుతుంది, చేతికి ప్లాస్టర్ ఉంటుంది, పాతపట్నం నుంచి పిన్ని, టెక్కలి నుంచి బావ యాపిల్స్ పట్టుకుని వస్తారు, వస్తూనే "ఎన్ని బాటిళ్లు ఎక్కించారమ్మా?" అంటారు. రెండు అంటే మొహం చిన్నబోతుంది. ఆరు అంటే కుర్చీ దగ్గరికి లాక్కుని కూచుంటారు. అదే మంచం పక్కన చెంబుడు ఉప్పునీళ్లు పెట్టుకుని పడుకున్నవాణ్ణి ఏ చుట్టం చూడ్డానికొస్తాడు? (కళ్లు లోతుకుపోయి, చర్మం గిల్లితే వెంటనే సర్దుకోక, తాగింది నిలవని మనిషికి సెలైను నిజంగానే కావాలి, వాళ్లని ఆస్పత్రికే తీసుకెళ్లాలి. మన బాటిళ్లలో ఎక్కువ భాగం అలాంటివాళ్లకి కాకుండా నీరసంగా ఉందన్నవాళ్లకి పోతాయి, అదీ బాధ.)

పరువు కావాలనుకున్న ఇంకొందరు రంగుల టెట్రా ప్యాకెట్లు కొని పిల్లలకి పట్టించారు, పైన ఓఆర్ఎస్ (ఇలాంటి ఉప్పు, చక్కెర నీళ్లకి డాక్టర్లు పెట్టిన పేరు) అని రాసుంది కదాని. లోపల చాలావాటిలో పంచదార పానకం. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే గానీ, అసలు ఫార్ములా లేకుండా ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరు దాకా తేల్చలేదు.

నీళ్లు కళపెళా మరిగాక ఒక్క నిమిషం ఉంచితే చాలు. కట్టెలు లేకపోతే పాత నూలుచీర నాలుగు మడతలేసి వడకట్టినా కలరా సుమారు సగం తగ్గిందని బంగ్లాదేశ్ పల్లెల్లో తేల్చారు. ఇక మరుగుదొడ్డి. దేశంలోని పల్లెల్లో ఎవరూ బయటికి వెళ్లడం లేదని 2019 అక్టోబరు 2న ప్రకటించేశారు కాబట్టి నేను మాట్లాడటం బాగోదు, అయినా మా పక్క ఊళ్లో ఒక దొడ్డి చూశాను: బేసిన్ మీద చెక్క పరిచి, దాని మీద పిడకలు కప్పు దాకా పేర్చి, తలుపుకి మేకని కట్టేశారు. చాలా శుభ్రంగా ఉంది. ఎవరూ వాడలేదు మరి.

దోమతెరల విషయంలో మాత్రం మన జిల్లాల తెలివికి సాటి లేదు. కొండ పల్లెల్లో మలేరియా పరీక్షలు చేసి, మందులిచ్చి, మందు పట్టించిన తెరలు కూడా ప్రభుత్వం ఊరికే పంచింది. మనవాళ్లు వాటిని చిక్కుడు పాదుకి కప్పారు, కోళ్ల గూటికి చుట్టారు, గెడ్డలో చేపలు పట్టారు. కోళ్లకి మలేరియా రావడం లేదు. మనుషులకి చలిజొరం వస్తే ఆశా దీదీ దగ్గర వేలిమీద చుక్క రక్తంతో తేలిపోయే పరీక్ష ఉంది, మాత్రలు ఉన్నాయి, కానీ అవి ఊరికే వస్తాయి కాబట్టి పనిచేయవని మన నమ్మకం.

కుక్కకాటుకి నా సలహా వేరు. లోకం కూలాక ఫ్రిజ్ ఉండదు, ఫ్రిజ్ లేకపోతే టీకా ఉండదు, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇప్పుడున్న ఆస్పత్రులే ఏమీ చేయలేకపోతున్నాయి. కాబట్టి ఎవరికైనా కాటు రాసిపెట్టి ఉంటే ప్రళయానికి ముందే కరిపించుకుని, కారం పసుపు పూయకుండా పావుగంట సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు టీకాకి వెళ్లాలి.

ఇవన్నీ చర్చించడానికి మొన్న ఆదివారం మా వీధి ప్రళయ కమిటీ సమావేశమైంది. గ్యాస్ మాస్కులు ఒకేసారి కొంటే డిస్కౌంటు వస్తుందా అన్నదానికే గంట పట్టింది. కలరా అంశం వచ్చేసరికి చీకటి పడింది, సభ్యులకి ఆకలేసింది, వాయిదా వేసి అందరూ మూలనున్న గుప్‌చుప్ (పానీపూరీ) బండి చుట్టూ చేరారు. బండివాడు ముక్కు తుడుచుకుని, మోచేతి దాకా చెయ్యి కుండలో ముంచి కలియబెట్టి పోస్తున్నాడు. కార్యదర్శిగారు దొప్ప చాపి, "నాకు కొంచెం నీళ్లు ఎక్కువ వెయ్యి బాబూ" అన్నారు.