మూడంగుళాల చాకు, మూడు నెలల తపస్సు

మా కాలనీలో పార్సిల్ విప్పడానికి ఇంతవరకు ఎవరికీ ఆయుధం అవసరపడలేదు. తాళంచెవితో టేపు గీరుతారు, అది చేతికందకపోతే పళ్లతో పీకుతారు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పెద్దలు అన్నారు గానీ, ఆ పెద్దలకు యూట్యూబు లేదు. ఇంటికీ ఆఫీసుకూ మధ్యనున్న ఏడు కిలోమీటర్లు తప్ప అడవి ముఖం ఎరగని నేను, బాధ్యత గల ప్రతి మగవాడి జేబులోనూ నిత్యం ఒక చాకు ఉండి తీరాలన్న అమెరికా సిద్ధాంతాన్ని ఒకనాటి రాత్రి రెండు గంటలకు స్వీకరించాను. ఆ మతంలో దీన్ని ఈడీసీ అంటారు, అంటే రోజూ మోసేది. రోజూ మోసేవి నాకు అప్పటికే చాలా ఉన్నా, ఇదొక్కటే లోటని తోచింది.

నియమం ఒక్కటే పెట్టుకున్నాను: ధర చవకగా ఉండాలి, సరుకు దిట్టంగా ఉండాలి. ఇందుకోసం ఉక్కు శాస్త్రం చదివాను. 8సీఆర్13ఎంఓవీ అంటే సుమారు 0.8 శాతం కర్బనం, 13 శాతం క్రోమియం ఉన్న చైనా ఉక్కు. చవక చాకులకు అదే అన్నదాత, తొందరగా మొద్దుబారినా అంతే తొందరగా సానకు లొంగుతుంది. డీ2 అనే మరో ఉక్కు పదును చాలాకాలం నిలుపుతుంది గానీ, చెమ్మ తగిలిన చోట తుప్పు చుక్కలు పెడుతుంది కనుక దాన్ని సగం స్టెయిన్‌లెస్ అని మర్యాదగా పిలుస్తారు. స్వీడన్‌లోని మోరా పట్టణం నుంచి వచ్చే ప్లాస్టిక్ పిడి కత్తి మడత పడదు, ఒరతో సహా వస్తుంది, ఆరుబయట పనికి ఆ ధరలో దాన్ని మించినది దొరకడం కష్టం. జేబుకైతే ఫ్రాన్సు సవోయి ప్రాంతంలో 1890లో పుట్టిన ఓపినెల్ ఉంది. కర్రపిడి, పలుచని అలుగు, తెరిచాక మడిచిపోకుండా బిగించే తిరుగుడు ఉంగరం, అదీ 1955లో చేర్చినది. ఈ రెంటిలో ఒకటి కొని ఊరుకోవచ్చునని మొదటి అరగంటలోనే తేలిపోయింది. అయితే అరగంటలో తేలిన దానికి మూడు నెలలు వెచ్చించకపోతే అది పరిశోధన ఎలా అవుతుంది?

చట్టాన్ని కూడా విస్మరించలేదు. 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న అలుగును ఆయుధ నిబంధనలు ఆయుధాల జాబితాలో చేర్చి, ఇంటిపనికీ సేద్యానికీ చేసిన వాటిని మాత్రం వదిలిపెట్టాయి. ఆ లెక్కన, ఆవకాయ రోజుల్లో టెంకతో సహా కాయను ఒక్క దెబ్బకు రెండు చేసే మా అమ్మమ్మ కత్తి గృహోపకరణం. మూడంగుళాల నా చాకు దాని పక్కన చెవిలో గులిమి తీసే పుల్ల.

మొదటి చాకు 1,100 రూపాయలకు వచ్చింది. దానికన్నా మంచిది 1,450కే ఉందని రెండోది, రెండోది ఒంటరిదైపోతుందని 1,900కు మూడోది వచ్చాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఒక సొరుగులో ఎన్నయినా ఇముడుతాయి. నాలుగోది అలుగు మీద అలల గీతలు తేలే డమాస్కస్ ఉక్కు అన్నారు, 2,350. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో ఉక్కు ముద్దల కోసం పూర్వం పర్షియా వర్తకులు వచ్చేవారు. డమాస్కస్ కత్తుల కీర్తి వెనుక ఉన్నది దక్షిణాది ఉక్కే, దొరల నోట వూట్జ్ అయినది మన ‘ఉక్కు’ అన్న మాటే. పూర్వీకుల సొత్తు పుట్టింటికి వచ్చిందని కళ్లు చెమర్చాయి. అంట్లు తోమే పీచుతో రెండుసార్లు రుద్దగానే అలుగు మీది అలల గీతలన్నీ సింకులోకి పోయాయి. అవి లేజరుతో గీసిన డమాస్కస్ అట. సానరాయికి మరో 1,600 కలిపి, చవకదనానికి నాకైన ఖర్చు 8,400 రూపాయలు.

“ఏమండీ, దీంతో బెండకాయలు తరగొచ్చా?” అని మా ఆవిడ అడిగింది.

“ఇది నిత్యం జేబులో ఉండవలసిన వస్తువు,” అని గంభీరంగా చెప్పాను.

“అయితే ప్యాంటు మెషీన్‌లో వేసే ముందు తీయండి.”

ఆరుబయటి పరీక్షకు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్లాను. అక్కడ కోయవలసినదేదీ కనబడక, చివరకు బజ్జీల పొట్లానికి కట్టిన దారం కోశాను. చాలా శుభ్రంగా తెగింది. దారిలో కొబ్బరి బోండాం మీద కూడా ప్రయోగిద్దామనుకున్నాను గానీ, ఆ వ్యాపారి తన కత్తితో మూడు వేట్లు వేసి నాలుగోదానికి కన్నం చేసి చేతికిచ్చేసరికి చాకు జేబులోంచి తీయబుద్ధి కాలేదు.

నేను సానపెట్టి మొద్దుబార్చిన చాకును పోయిన ఆదివారం సైకిలు మీద సానచక్రంతో వచ్చిన అతనికి ఇచ్చాను. ఇటూ అటూ తిప్పి, “దేనికి సార్ ఇది?” అన్నాడు. పార్సిళ్లు విప్పడానికన్నాను. నిప్పురవ్వలు రాల్చి, పదును చూడడానికి కాగితం కోసి, ఇరవై రూపాయలు తీసుకున్నాడు. తరువాత తన సంచి మూతికున్న తాడు తెంపడానికి చొక్కా జేబులోంచి ఒక హ్యాక్సా బ్లేడు ముక్క తీశాడు: ఒక చివర సైకిలు ట్యూబు చుట్టి ఉంది, రెండో చివర ఏటవాలుగా అరగదీసి ఉంది. తాడు మీద ఆనించాడంతే.

“ఎంతకు కొన్నావు?”

“కొనడమేంటి సార్, విరిగిపోతే పారేసింది.”

ఆ రాత్రి రెండు గంటల దాకా మేలుకుని చదివాను. హ్యాక్సా బ్లేడ్లలోనూ కార్బన్ ఉక్కువీ, హైస్పీడ్ ఉక్కువీ, రెండూ కలిపి అతికినవీ ఉన్నాయట. అయిదు వందల లోపు ఒక అరడజను తెప్పిస్తే గాని ఏది మేలో తేలేటట్టు లేదు.