హోటలు హాలులో వెలసిన కొనుగోలు శిబిరం వారికి టోకెను నంబరు 43 వ్రాయు లేఖ

మహారాజశ్రీ పాత వస్తువుల సంచార కొనుగోలు శిబిరం వారి సముఖమునకు,

టోకెను నంబరు 43 నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మిషిగన్ రాష్ట్రంలోని మా చిన్న ఊరిలో, హైవే పక్కన ఉన్న హోటలు హాలును అద్దెకు తీసుకుని, మంగళవారం మొదలు శనివారం దాకా విడిది చేసి, మా అటకల మీద మాకు తెలియకుండా పడి ఉన్న భాగ్యాన్ని మాకు చూపించి, ఆ బరువును మా నెత్తి మీద నుంచి దించి, పుణ్యం మూటగట్టుకుని మీరు వెళ్ళి నేటికి మూడు వారాలైంది. మీరు వెళ్ళిన తరువాత ఊరు బోసిపోయిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది గాని, కొన్ని ఇళ్ళలో నగల పెట్టెలు మాత్రం బోసిపోయాయి.

మీ రాకకు పది రోజుల ముందు స్థానిక పత్రికలో వచ్చిన పూర్తి పేజీ ప్రకటనను నేను ఇంకా దాచుకున్నాను. బంగారం, వెండి, నాణేలు, చేతిగడియారాలు, బొమ్మరైళ్ళు, యుద్ధ పతకాలు అని చిన్న అక్షరాలలో చెప్పుకుంటూ వచ్చి, పేజీ నడుమ పీటల మీద పెళ్ళికొడుకును కూర్చోబెట్టినట్టు ఒక మాండలిన్ బొమ్మను నిలిపి, అరుదైన పాతకాలపు మాండలిన్లకు అత్యధిక ధర చెల్లిస్తామని దాని కింద సెలవిచ్చారు. భుజం దగ్గర శంఖంలా చుట్టుకున్న మెలిక, వయొలిన్‌కు ఉన్నట్టే ఛాతీ మీద రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు, నడుమ తేనెరంగుతో మొదలై అంచులకు వెళ్ళేసరికి ముదురు గోధుమరంగులోకి దిగిపోయే మెరుపు: అది గిబ్సన్ అనే అమెరికా వాయిద్యాల కంపెనీ చేసిన ఎఫ్-5 రకం మాండలిన్ అని ఈ వాయిద్యంతో కాస్త పరిచయం ఉన్నవారెవరికైనా చూడగానే తెలుస్తుంది. కాకపోతే మీ అచ్చువారు బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి వేశారు. ఎదురుగా నిలబెట్టి చూసినప్పుడు ఎడమ భుజాన ఉండవలసిన మెలిక మీ ప్రకటనలో కుడి భుజానికి వచ్చి చేరింది. అటువంటిది చాలా అరుదు అన్న మీ మాట ఆ రకంగా అక్షరాలా నిజం.

నాకు ఈ వాయిద్యం మీద ఆసక్తి ఎందుకని మీరు అడగవచ్చు. మాది పశ్చిమ గోదావరి జిల్లా, పాలకొల్లుకు దగ్గర. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మూలాన మా వైపు మాండలిన్ అన్నది వాయిద్యం పేరు కావడానికి ముందే ఒక మనిషి ఇంటిపేరు అయింది. ఆయన మీ వాయిద్యంలోని జంట తీగల పద్ధతిని పక్కన పెట్టి, ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతపు గమకాలను పలికించారు. ఇక్కడికి వచ్చిన తరువాతే నాలుగు జతల తీగల అసలు మాండలిన్‌ను దగ్గరగా చూశాను. అందుచేత పక్కింటి పెద్దావిడ, మా నాన్న వాయించిన మాండలిన్ ఒకటి నేలమాళిగలో ఉంది, ఆ హోటలు వారికి చూపించి వద్దాం వస్తావా అని అడిగినప్పుడు నేను చెప్పులు వేసుకుని ముందే బయలుదేరాను. (ఈ దేశపు మర్యాద ప్రకారం ఎనభై దాటిన ఆవిడను నేను పేరు పెట్టి పిలవాలి. ఇరవై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాను గాని నోరు రావడం లేదు.)

ఈ ప్రాంతపు నేలమాళిగల్లో మాండలిన్లు తగలడం వింతేమీ కాదు. మాకు గంట దూరంలో ఉన్న కలమజూలోనే, చెప్పుల దుకాణంలో గుమాస్తాగా పనిచేసిన ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన, గుమ్మడికాయ వీపులా బద్దలు అతికించి చేసే ఇటలీ పద్ధతిని కాదని, వయొలిన్ చేసినట్టు చెక్కను తొలిచి మాండలిన్ చేయడం మొదలుపెట్టి 1898లో దానికి పేటెంటు తెచ్చుకున్నాడు. 1902లో ఆయన పేరుతో కంపెనీ వెలిసింది. ఆ రోజుల్లో ఊరూరా మాండలిన్ బృందాలు ఉండేవి. సంగీతం మాస్టార్లే కంపెనీకి ఏజెంట్లై, తమ శిష్యులకు వాయిదాల పద్ధతిలో వాయిద్యాలు అంటగట్టేవారు. మాస్టారికి ఫీజూ దక్కింది, కమీషనూ దక్కింది. ట్యూషన్ చెప్పే వారే గైడు అమ్మడం మనం కనిపెట్టినదే అనుకుని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. తరువాత 1920లలో జనం మోజు బాంజో మీదికి మళ్ళింది. మాండలిన్లు పెట్టెల్లోకి, పెట్టెలు అటకల మీదికి వెళ్ళాయి. ఇప్పుడు అవి మీ బల్లల మీదికి వస్తున్నాయి.

మీ బల్ల చూడగానే నాకు ఎందుకో నరసాపురం బస్టాండు దగ్గరి లాడ్జి గుర్తుకు వచ్చింది. నా చిన్నతనంలో అక్కడికి జరీ చీరల వ్యాపారి వచ్చి మూడు రోజులు దిగేవాడు. ముందురోజు రిక్షాకు మైకు కట్టి, పాత పట్టుచీరలు కొనబడునని ఊరంతా చెప్పించేవాడు. మా అమ్మ తన పెళ్ళిచీర పట్టుకుని వెళితే నేను వెంట వెళ్ళాను. అతను చెంగు చివర ఒక పోగు లాగి, అగ్గిపుల్లతో కాల్చి, వేలి కొసన రుద్ది చూసి, ఇంత వెండి వస్తుంది, ఇంత ఇస్తాను అన్నాడు. మా అమ్మ లేచి నిలబడింది. అతను ఇంకో వంద పెంచాడు. ఆమె గుమ్మం దాకా నడిచింది. అతను ఇంకో యాభై పెంచాడు. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుని బేరం కుదుర్చుకున్నారు. ఆ వ్యాపారి తనను తాను నిపుణుడినని చెప్పుకోలేదు. అమ్మా, మీ చీర చరిత్ర ఉచితంగా చెబుతాను కూర్చోండి అనలేదు. కాఫీ కూడా ఇవ్వలేదు. కొనడానికి వచ్చినవాడు కొనేవాడిలాగే కనిపించాడు.

మీ దగ్గర ఆ మొరటుతనం మచ్చుకైనా లేదు. గుమ్మంలో టోకెను, కాగితపు కప్పులో కాఫీ, గోడకు దేశపటం, మెడలో నిపుణుడు అన్న బిళ్ళ. మూల్యాంకనం పూర్తిగా ఉచితమని గోడ మీద పెద్ద అక్షరాలు. ధర ఇంత అని తేల్చేదీ మీరే, ఆ ధరకు కొనేదీ మీరే, ఆ రెంటికీ నడుమ మా తరఫున బల్ల మీద ఉన్నది ఆ కాఫీ కప్పు ఒక్కటే.

ఇక మా వంతు వచ్చింది. ఆవిడ పెట్టెను ఒడిలో పెట్టుకుని కూర్చుంటే మీ నిపుణుడు పెట్టె కంటే ముందు ఆవిడ చేతి వేళ్ళను చూశాడు. ఆ ఉంగరం అమ్మే ఉద్దేశం ఉందా అన్నాడు. లేదంది. మెడలోని గొలుసు? లేదంది. బల్ల మీద ముఖమల్ గుడ్డ పరచి దాని మీద పెట్టిన చిన్న త్రాసును ఆయన కాస్త దిగులుగా పక్కకు జరిపాడు. హాలంతా కలియజూస్తే ఎనిమిది బల్లలు ఉన్నాయి, ఎనిమిదింటి మీదా త్రాసులే ఉన్నాయి. మాండలిన్ విలువను త్రాసులో ఎలా తూస్తారో చూడాలని నాకు నిజంగానే కుతూహలం కలిగింది.

పెట్టె తెరిచాము. పాత వెల్వెట్ వాసన, కర్పూరం వాసన కలిసి వచ్చాయి. నున్నగా తొలిచిన చెక్క, బాదంగింజ ఆకారం, నడుమ కోలగా ఉన్న రంధ్రం. తీగలు తుప్పు పట్టాయి. చెక్కకు గీతలు పడకుండా పక్కన బిగించే సెల్యులాయిడ్ పలక కాలం గడిచి పటికబెల్లం పలుకుల్లా రాలిపోయింది. తల మీద ముత్యపు చిప్పతో పొదిగిన గిబ్సన్ కంపెనీ పేరు మాత్రం నిన్న పొదిగినట్టు ఉంది. దాన్ని చూడగానే మీ నిపుణుడి కనుబొమ ఒక్క నువ్వుగింజంత పైకి లేచింది. అది దిగడానికి పట్టినంత సేపు ఆయన మాట్లాడలేదు. దిగిన తరువాత, ఇటువంటివి ఆ రోజుల్లో సియర్స్ వారి తపాలా అమ్మకాల క్యాటలాగులో వేలకు వేలు అమ్ముడుపోయాయండీ, ఇది చాలా మామూలుది అన్నాడు. సియర్స్ క్యాటలాగులో మాండలిన్లు అమ్మిన మాట నిజమే. ఇది వాటిలోది కాదన్న సంగతి తల మీదే రాసి ఉంది.

తరువాత ఆయన ఒక చీటీ మీద అంకె వేసి, గంభీరంగా తిప్పి ఆవిడ ముందుకు జరిపాడు. 150 డాలర్లు.

అయ్యా, ఆ అంకె మీరు ఎక్కడి నుంచి తెచ్చారో నాకు తెలుసునని మనవి చేసుకుంటున్నాను. 1940లలో ఫ్లోరిడాలోని ఒక క్షౌరశాలలో అమ్మకానికి పెట్టిన పాత మాండలిన్‌ను బిల్ మన్రో అనే గాయకుడు కొన్న ధర సరిగ్గా అదే, 150 డాలర్లు. దాని లోపల లాయిడ్ లోర్ అనే ఆయన సంతకం, 1923 జూలై 9 అన్న తేదీ ఉన్నాయి. లోర్ గిబ్సన్ కంపెనీలో పనిచేసింది 1919 నుంచి 1924 దాకా మాత్రమే. ఎఫ్-5 ఆయన పర్యవేక్షణలోనే 1922లో బయటికి వచ్చింది. ప్రతి దాన్నీ తాను పరీక్షించినట్టు లోపల కాగితం అతికించి సంతకం చేసేవాడు. అప్పటికే మాండలిన్ మోజు తగ్గింది గనుక పెద్దగా అమ్ముడుపోలేదు. లోర్ 1943లో కన్నుమూశాడు. తన సంతకం ఉన్న చెక్కపెట్టె ఒక్కొక్కటి లక్ష డాలర్లు దాటి పలికే రోజు వస్తుందని ఆయనకు చెప్పిన నిపుణుడు ఒక్కడూ లేడు.

మన్రో కథలో నాకు మరీ ఇష్టమైన ఘట్టం ఇంకొకటి ఉంది. బాగు చేయమని కంపెనీకి పంపితే వారు చేసిన పని నచ్చక, ఆయన జేబులోని చాకు తీసి మాండలిన్ తల మీద పొదిగిన కంపెనీ పేరును గీకి పారేశాడు. అక్కడ ముందున్న ఇంగ్లీషు 'ది' ఒక్కటి మిగిలింది. ఆ ఒక్క అక్షరపు మాటతోనే ఆయన బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతమంతా వాయించాడు. 1985లో ఎవరో ఆయన ఇంట్లో చొరబడి పొయ్యి ఎగదోసే ఇనుపకడ్డీతో దాన్ని చితకగొడితే, అదే కంపెనీ వారు పేళ్ళు పేళ్ళుగా ఏరి తిరిగి అతికించి ఇచ్చారు. నా మనవి ఏమంటే, ఫ్లోరిడా క్షౌరశాల వారికి తాము అమ్ముతున్నది ఏమిటో తెలియదు, తెలుసునని వారు బోర్డు పెట్టుకోనూ లేదు. ఎనభై ఏళ్ళ తరువాత కూడా మీరు వారి ధరనే పట్టుకుని ఉండడం సంప్రదాయం పట్ల మీకున్న గౌరవాన్ని చూపుతున్నది.

ఆవిడ చీటీని చూసి నా వంక చూసింది. నేను ఫోను దీపం వెలిగించి కోల రంధ్రంలోకి పట్టుకున్నాను. లోపల వీపు చెక్క మీద పసుపుబారిన కాగితం, దాని మీద ఏ-4 అని రకం పేరు, ఐదంకెల సంఖ్య. మెడ మొదలు దగ్గర సిరాతో కొట్టిన ఇంకో ముద్ర. మీ నిపుణుడు తొంగి చూడకుండానే, లేబుళ్ళు ఎవరైనా అతికించవచ్చు అన్నాడు. నేను సరేనన్నాను. ఆయన పక్క గదిలోకి వెళ్ళి దేశవ్యాప్తంగా ఉన్న మీ కొనుగోలుదారులలో ఒకరితో ఫోనులో మాట్లాడి వచ్చి, మీ అదృష్టం బాగుంది, 300 ఇస్తామంటున్నారు, కానీ ఈ రోజుకే అన్నాడు. మామూలు వస్తువు మూడు నిమిషాలలో రెట్టింపు మామూలు వస్తువు అయింది.

ఇక్కడే మీ శాస్త్రం నాకు బోధపడింది. ప్రకటనలో ఉన్నంత సేపు మాండలిన్ అరుదైనది. మా చేతుల్లోంచి మీ బల్ల మీదికి రాగానే అది ఊరికొక వంద దొరికే సరుకు. మీ బల్ల దాటి వ్యాను ఎక్కగానే తిరిగి అరుదైనదై, పక్క జిల్లా పత్రికలో, ఫలానా ఊరిలో మాకు దొరికిన అపురూప వాయిద్యం అన్న శీర్షిక కింద దర్శనమిస్తుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మా పెద్దలు రెండు వేర్వేరు రోజుల అనుభవాన్ని కలిపి సామెత చెప్పారు. మీరు ఆ అడవినీ కొరివినీ ఒకే హాలులో, ఒకే బల్లకు ఆ పక్కా ఈ పక్కా ఏర్పాటు చేశారు.

ఆవిడ పెట్టె మూసింది. మా నాన్న దీన్ని వాయిదాల మీద కొన్నాడు, ఆఖరి వాయిదా కట్టిన రోజు ఇంట్లో కేకు కోశారట అని మీ నిపుణుడికి ఎంతో ఓపికగా చెప్పింది. ఆయన దానికి కూడా తల ఊపాడు. తరువాత మేము కలమజూ వెళ్ళి, వాయిద్యాలు బాగుచేసే ఒక దుకాణంలో చూపించాము. ఆ దుకాణదారు చిన్న అద్దం లోపలికి పెట్టి అరగంట చూసి, ఇది ఎఫ్-5 కాదు, లోర్ సంతకం లేదు, అందువల్ల మీరు ఇల్లు కొనలేరు అని మొట్టమొదట చెప్పాడు. పై చెక్కకు సన్నని పగులు ఉంది, మెడ నిటారుగా ఉంది, బాగు చేసి అమ్మితే రెండు వేల డాలర్లకు పైనే రావచ్చు, నా చేత అమ్మిస్తే నా కమీషను ఇంత అని ఆ తరువాత చెప్పాడు. చూసినందుకు ఇరవై డాలర్లు పుచ్చుకున్నాడు. ఉచితంగా చూడని మనిషి దొరికినందుకు నాకు ఎంత హాయిగా అనిపించిందో మీకు చెప్పలేను.

ఆవిడ ఇప్పట్లో అమ్మే ఆలోచనలో లేదు. కొత్త తీగలు వేయించింది. పెట్టెను అప్పుడప్పుడు మా ఇంటికి పంపుతుంది, మోహనంలో నాలుగు స్వరాలు పలికించి తిరిగి ఇచ్చి వస్తున్నాను. పెట్టె తెరిచినప్పుడల్లా రెండు కాగితాలు కనిపిస్తాయి. లోపల అతికించినది కంపెనీ వారి హామీ. జాగ్రత్తగా వాడుతూ ఉండగా ఈ వాయిద్యానికి ఏదైనా లోపం వస్తే కలమజూలోని మా కర్మాగారంలో ఉచితంగా బాగు చేస్తాము, లేదా అదే రకానికి చెందిన మరొకటి ఇస్తాము అని అందులో ఉంది. ఎంతకాలం అన్న మాట లేదు. ఆ కర్మాగారాన్ని 1984లో మూసివేశారు. రెండవది, పెట్టె అరలో తీగల పొట్లం పక్కన ఆవిడ దాచిన మీ చీటీ. 150 కొట్టివేసి 300 అని ఉంది. కింద మీ ముద్ర, దాని కింద, ఈ ధర ఈ సాయంత్రం 6 గంటల వరకే చెల్లును.

ఇట్లు,
టోకెను నంబరు 43