అత్తగారి పక్కన దొరికిన ఇంటిపేరు

మా కోడలు ఇంగ్లీషు అమ్మాయి. వాళ్ళ పుట్టింటివాళ్ళది తరతరాలుగా ఇంగ్లండులోని లాంకషైరే. మనవరాలి స్కూల్ ప్రాజెక్టు కోసం కోడలూ నేనూ కూర్చుని అక్కడి విక్టోరియా రాణి కాలపు జనాభా లెక్కలు తిరగేశాం.

1841 లెక్కల్లో పేర్లున్నాయి గానీ, ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు. పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసుని చాలాచోట్ల ఐదుల లెక్కన తగ్గించేశారు. 39 ఏళ్ళ మనిషి 35గా కనిపిస్తాడు. ఇంటి యజమానితో బంధుత్వం, కచ్చితమైన వయసు, పుట్టిన ఊరు రాయడం 1851లో మొదలైంది. అప్పటినుంచే ఆ పేర్ల జాబితా ఒక సంసారంలా కనిపిస్తుంది.

పేరు కొట్టి, కావలసిన మనిషి దొరకగానే కంప్యూటర్ కట్టేయడం తప్పని నా అభిప్రాయం. లెక్క తీసిన రాత్రి ఆ ఇంట్లో పడుకున్న అందరినీ చదవాలి. ఈ లెక్కల్లో పెళ్ళయిన ఆడమనిషికి భర్త ఇంటిపేరే ఉంటుంది. మా కోడలి పూర్వీకురాలిదీ అంతే. ఆవిడ పని రాయాల్సిన గడి కూడా ఖాళీ. అంతమంది పిల్లల్ని పెంచిన మనిషికి పనేమీ లేదంటే నాకు మనసొప్పలేదు. 1861లో మాత్రం అదే ఇంట్లో, పిల్లల పేర్ల కింద, వేరే ఇంటిపేరుతో ఒక పెద్దావిడ ఉన్నారు. యజమానికి అత్తగారు (ఇంగ్లీషులో 'మదర్ ఇన్ లా'), వితంతువు. అంటే మా కోడలి పూర్వీకురాలికి తల్లి అన్నమాట, ఆ ఇంటిపేరే ఆవిడ పుట్టింటి పేరు కావచ్చు. కోడలు కుర్చీలోంచి లేచి నిలబడింది. అయితే ఆ రోజుల్లో సవతితల్లినీ అదే మాటతో రాసేవారు. అందుకే ఒక బిడ్డ జనన పత్రం తెప్పించి, తల్లి పుట్టింటి పేరు సరిచూశాకే నమ్మాం.

అప్పుడు మనవరాలు అడిగింది: "నానమ్మా, మీ అమ్మమ్మ వాళ్ళమ్మ ఇంటిపేరేంటి?"

నాకు తెలియదు. మన దేశంలోనూ 1881 నుంచి పదేళ్ళకోసారి లెక్కలు జరిగాయి. కానీ ఇంగ్లండులోలా పాత తరాలను వెతుక్కోడానికి ఇంటింటి పేర్ల కాగితాలు లేవు, మొత్తాల అంకెలే మిగిలాయి. మనకున్న రికార్డు పెద్దవాళ్ళ జ్ఞాపకమే.

మన తెలుగు సంఘం సభ్యత్వ ఫారంలో భార్య పేరుకి ఒకే గడి ఉంది. దాని పక్కన పుట్టింటి ఇంటిపేరు, ఊరు, తల్లి పుట్టింటి పేరు రాసే చోటు పెట్టమని కమిటీని అడుగుతున్నాను. ఈ సంవత్సరమే పెట్టండి.

మనవరాలు అడిగిన ఆ రాత్రే ఊళ్ళో ఉన్న మా మేనమామకి ఫోన్ చేశాను. వాళ్ళమ్మ పుట్టింటి పేరు వెంటనే చెప్పారు. వాళ్ళ అమ్మమ్మది అడిగితే చాలాసేపు ఆలోచించి, "పొద్దున చెయ్యమ్మా, గుర్తు తెచ్చుకుంటాను" అన్నారు.