బల్దియా నడపాలా, సంస్థ నడపాలా?

వరంగల్‌లో జంతు సంరక్షణ కేంద్రాన్ని పూర్తిగా స్వచ్ఛంద సంస్థకే అప్పగించాలన్న వాదన సగమే సరైనది. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు, టీకాల బాధ్యత స్థానిక సంస్థదే, అంటే నగరపాలక సంస్థ అయిన బల్దియాదే. బల్దియా పని అప్పగించవచ్చు గానీ బాధ్యత వదిలించుకోవడం కుదరదు.

చిక్కంతా డబ్బు ఇచ్చే తీరులో ఉంది. ఆపరేషన్ లెక్కన చెల్లిస్తే, కాలు విరిగిన కుక్కకు, ముసలి కుక్కకు పైసా రాదు. షెడ్డుకు దాతలు దొరుకుతారు, బోర్డు మీద పేరుంటుంది కదా! నెలనెలా జీతాలు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? 50 కుక్కలకు పూటపూటకు అన్నం, ఉడికించిన కోడి తలలు, కాళ్లు ఎవరు తేవాలి? స్థలం, నీళ్లు, డాక్టరు జీతం బల్దియా భరించాలి. రోజువారీ నిర్వహణ సంస్థ చూడాలి. తిండి, మందులు చందాల మీద నడవాలి. ఒప్పందంలో కుక్కల గరిష్ఠ సంఖ్య రాయకపోతే నాలుగు నెలల్లో కిక్కిరిసిపోతుంది.

కొత్తగా వచ్చిన కుక్కపిల్లలను 14 రోజులు విడిగా ఉంచే గది తప్పనిసరి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మామూలు ఫినాయిల్‌కు చావదు. మలం కడిగేశాక, 1 వంతు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి నేలను 10 నిమిషాలు తడిగా ఉంచాలి. మట్టి నేలైతే అదీ పనిచేయదు, అందుకే ముందు గచ్చు వేయించండి, రంగులు తర్వాత.