మజ్జిగ లెక్కకు గంట కొట్టకండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కల పోటీ పెట్టారు. అందులో ఒక ప్రశ్న ఇది: ఒక గిన్నెలో 2 కప్పుల పెరుగు, 3 కప్పుల నీళ్లు, ఇంకో గిన్నెలో 3 కప్పుల పెరుగు, 5 కప్పుల నీళ్లు. ఏ మజ్జిగ చిక్కన? ఒక పాప "మొదటిది" అని, ఎందుకో చెప్పబోయింది. రెండింట్లోనూ పెరుగు 6 కప్పులు చేస్తే నీళ్లు ఒకదానికి 9, ఇంకోదానికి 10 అవుతాయని మొదలుపెట్టిందో లేదో, "ఆన్సర్ చాలమ్మా" అని గంట కొట్టారు. భోజనాల దగ్గర ఇంకో మాట: "ఇక్కడి స్కూళ్లలో లెక్కలెక్కడ చెబుతున్నారండీ, కబుర్లు చెప్పిస్తున్నారు." ఆ మాటే బాధ పెట్టింది. పాప చెప్పబోయింది కబుర్లు కాదు, నిష్పత్తి.

జవాబుతో పాటు ఎందుకో కూడా పిల్లల చేత చెప్పించే ఈ తీరు బోధనకు పేరున్న పాఠ్యక్రమం కనెక్టెడ్ మ్యాథమెటిక్స్. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో 1991లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో మొదలైంది. ఇందులో ముందు సూత్రం, తర్వాత మాదిరి లెక్క, ఆ తర్వాత అలాంటివే ముప్పై లెక్కలు అనే వరస ఉండదు. ముందు సమస్య వస్తుంది, దాన్ని విప్పుతుంటే సూత్రం అవసరపడుతుంది. పాఠానికి మూడు దశలు: లాంచ్ (సమస్యను పరిచయం చేయడం), ఎక్స్‌ప్లోర్ (పిల్లలే దారి వెతకడం), సమ్మరైజ్ (చివర చర్చించి తేల్చడం).

దీనివల్ల ఒరిగేదేమిటో ఆ మజ్జిగలోనే చూడండి. అడ్డగుణకారం వచ్చిన పిల్లవాడు 2/3, 3/5 రాసి, అడ్డంగా గుణించి (2×5 = 10, 3×3 = 9), 10 కన్నా 9 చిన్నది కాబట్టి మొదటిదే చిక్కన అంటాడు. జవాబు సరైనదే, మార్కు పడుతుంది. ఇప్పుడు అదే పిల్లవాణ్ని, మొదటి రకం మజ్జిగ 150 కప్పులు కావాలంటే పెరుగెంత అని అడగండి. 150లో 2/3 వంతు, అంటే 100 కప్పులు అనే అవకాశం చాలా ఉంది. కావలసింది 60. 2/3 అనేది పెరుగుకూ నీళ్లకూ మధ్య పోలిక. మొత్తం మజ్జిగలో పెరుగు 2/5 వంతే. వేగం చూసే పోటీలో ఈ పొరపాటు ఎన్నటికీ బయటపడదు. ఇంకొందరు తీసివేత చేస్తారు: మొదటిదాంట్లో తేడా 1, రెండోదాంట్లో 2, కాబట్టి మొదటిదే చిక్కన. ఇదీ సరైన జవాబే! 1 కప్పు పెరుగు, 2 కప్పుల నీళ్లు కలిపిన మూడో గిన్నె పక్కన పెట్టగానే, మజ్జిగ పలచనైనా తేడా మళ్లీ 1 వచ్చి ఆ పద్ధతి కూలిపోతుంది. సమస్యలను ఎంచడంలో ఉన్న పనితనం అదే.

లోపాలు లేవని కాదు. 1999లో అమెరికా విద్యాశాఖ దీన్ని ఆదర్శ పాఠ్యక్రమాల్లో చేర్చినప్పుడు, రెండు వందల మందికి పైగా గణితవేత్తలు, శాస్త్రవేత్తలు ఆ జాబితాను వ్యతిరేకిస్తూ బహిరంగ లేఖ రాశారు. గుణకారం, భాగహారం చేతికి రాని పిల్లలు సమస్య మధ్యలోనే అలసిపోవడమూ నిజం. మన ఇళ్లలో పొద్దున్నే ఎక్కాలు అప్పజెప్పించే అలవాటు ఇక్కడే అక్కరకొస్తుంది, దాన్ని వదులుకోవద్దు. వదులుకోవలసింది, బడిలో నిష్పత్తి మొదలవకముందే ఇంట్లో అడ్డగుణకారం నేర్పేసే తొందర. దారి ముందే తెలిసిన పిల్లవాడికి వెతకడానికేమీ మిగలదు, పక్కవాళ్లు చెప్పేది వినడు కూడా.

మన ఆదివారం క్లాసులో దీన్ని 75 నిమిషాల్లో చేయవచ్చు. 10 నిమిషాలు సమస్య అర్థమయ్యేలా చెప్పండి, దారి మాత్రం చెప్పకండి. 30 నిమిషాలు ముగ్గురేసి చొప్పున పని చేయనివ్వండి. చాలా క్లాసులు చెడేది ఇక్కడే: పిల్లలు రెండు నిమిషాలు మౌనంగా ఉంటే మనం ఆగలేక పద్ధతి చూపించేస్తాం. దానికి బదులు "రెండింట్లోనూ నీళ్లు సమానం చేస్తే?" అని అడిగి పక్కకు తప్పుకోండి. 15 కప్పుల నీళ్లకు పెరుగు 10, 9 అని వాళ్లే తేలుస్తారు. తర్వాతి 25 నిమిషాలు ముగింపు చర్చకు. ముందు తీసివేత చేసినవాళ్లు, తర్వాత పట్టిక వేసినవాళ్లు, చివర భిన్నాలు రాసినవాళ్లు బోర్డు దగ్గరికి రావాలి. టైము చాలలేదని దీన్ని కోసేస్తే పిల్లల చేతిలో ఆట మిగులుతుంది, లెక్క మిగలదు. మిగతా 10 నిమిషాలు ఎక్కాలకు ఇవ్వండి.

మన సంఘం కార్యవర్గానికి మనవి: దసరా పోటీలో ప్రశ్నలు నాలుగు చాలు. సగం మార్కులు జవాబుకు, సగం "ఎలా తెలిసింది?" అన్నదానికి ఇవ్వండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు మాట్లాడే వ్యవధి కావాలి, తెలుగులోనైనా, ఇంగ్లీషులోనైనా. ఈసారి పోటీలో నిలబడ్డ పిల్లలందరినీ మళ్లీ పిలవండి, ఆ పాపను ముందుగా.